వదులైన వరసలు

దీవెనమ్మ ఎడమ కన్ను పోవడానికి కారణం ఆమె మేనకోడలు హెప్సిబా. ఈ మాట దీవెనమ్మ ఎన్నడూ అనలేదు. ఊళ్ళోవాళ్ళూ అనలేదు. అనుకునేది హెప్సిబా ఒక్కతే, అదీ రోజుకి పదిసార్లు. ఎదుటివాళ్ళు అంటే ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు. తనలో తను అనుకునేదానికి సమాధానం ఎక్కడ దొరుకుతుంది?

తల్లి పోయిన నాలుగేళ్ళ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల తల మీదుగా చేతులు చాచి లేసు అల్లుతూ పెంచిన మనిషి దీవెనమ్మ. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళకి ఎప్పుడో దొరసానులు నేర్పిపోయిన ఆ లేసుపని మీదే పిల్లని భీమవరంలో చదివించింది, హైదరాబాదులో చదివించింది. ఆ పిల్ల వైరస్‌ల మీద డాక్టరేటు చేసి మళ్ళీ భీమవరం వచ్చి పరిశోధనాలయంలో చేరితే, "సన్నపని మా ఇంటి ఆడోళ్ళకి కొత్తేంటి?" అని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

రెండేళ్ళ కిందట ఆ పక్క ఊళ్ళ మీద ఉప్పుటేరు జ్వరం వచ్చిపడింది. ఐదు రోజులు ఒళ్ళు పెనంలా కాలేది. పోయినవాళ్ళు పోగా, బతికినవాళ్ళు గండం గడిచిందనుకున్నారు. రక్తం పరీక్ష చేస్తే వైరస్ జాడ లేదు. మూడు నెలలు తిరిగేసరికి వాళ్ళలో చాలామందికి చదివే అక్షరం నడుమ చిన్న మచ్చ కనపడసాగింది. తర్వాత ఎదుటి మనిషి ముఖం నడుమ మచ్చ. ఆఖరికి మచ్చే మిగిలి ఎదుటి మనిషి కనపడకుండా పోయేవాడు.

వైరస్ కంట్లో దాక్కుందని కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒంట్లో ఎక్కడ దొంగ దూరినా తరిమికొట్టే రక్తకణాలని కంటి గుమ్మం దగ్గర శరీరమే ఆపేస్తుంది. గాజుసామాన్ల కొట్లో కర్రసాము ఎవరు చెయ్యనిస్తారు? కంటి వెనక ఉండే పొర అంత సున్నితం. ఆ సంగతి మనకంటే ముందు వైరస్‌కి తెలిసిపోయింది.

దానికి విరుగుడుగా హెప్సిబా తయారుచేసినవే కావలి కణాలు. రోగి రక్తంలోంచి కణాలు తీసి, వైరస్ దాక్కున్న చోటు ఎలా ఉంటుందో నలభై రోజులపాటు ప్రయోగశాలలో వాటికి నేర్పి, సన్నటి సూదితో కంట్లోకి పంపేవారు. లోపల వాటి ఆయుష్షు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో దొంగ దొరికితే దొంగని చంపి అవీ చచ్చిపోతాయి. దొరక్కపోతే మాత్రం ఊరుకోవు. చేతిలో కర్ర ఉన్న కాపలావాడు దొంగ కనపడక ఇంటివాళ్ళ మీద పడ్డట్టు కంటిపొర మీదే పడతాయి.

మొదటి ఆరుగురిలో ఇద్దరికి కన్ను నిలిచింది, నలుగురికి పోయింది. ఎందుకు నిలిచిందో, ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఏడో మనిషిగా దీవెనమ్మ తనంతట తనే వచ్చి కూర్చుంది. "ఎలాగూ పోయే కన్నేగా, ఏదో ఒకటి తేల్చుకో" అంది. సూది వేసిన రెండో గంటలో ఆమె ఎడమ కన్ను కాలిపోవడం హెప్సిబా తెర మీద చూసింది. ఆ రోజు నుంచి హెప్సిబాకి అన్నం సయించడం మానేసింది.

ఇప్పుడు మచ్చ కుడి కంట్లోనూ మొదలైంది. నెల రోజులకి మించి ఆగదని స్కాన్ చెప్పింది. పరిశోధనాలయం పెద్ద డాక్టర్ అచ్యుతరాజు గురువారం ఉదయానికి సూది ఖాయం చేశాడు. ఇది విఫలమైతే దీవెనమ్మకి ఇక లోకం లేదు. బయట వార్డులో ఎదురుచూస్తున్న నలభై ఒక్కమందికీ ఆశ లేదు.

బుధవారం మధ్యాహ్నం అత్తని తీసుకెళ్ళడానికి హెప్సిబా ఊరొచ్చింది. ఆషాఢం ముసురు పట్టి ఉంది. దీవెనమ్మ గుమ్మంలో వెలుతురుకి చాప వేసుకుని, పెద్ద టేబులు కవరు ఒళ్ళో పరుచుకుని పువ్వుల్ని అతుకుతోంది. ఈస్టరు మర్నాడు మొదలుపెట్టిన కవరు అది. రోజుకొక వరస చొప్పున ఇప్పటికి అరవై తొమ్మిది వరసలైంది.

"ఉండవే, ఈ కొస ముడేసేత్తాను. రేపటికి ఈ కన్ను ఎలాగుంటదో ఏంటో."

"అలా అనకత్తా."

"అంటే ఏమవుద్ది? అనకపోతే ఏమాగుద్ది?" అంటూ దారం కొరికింది. "ఇదుగో, మంచం మీద పరిచి చూడు ఎలాగుందో."

హెప్సిబా నవ్వారు మంచం మీద కవరు పరిచింది. తెల్లగా, మల్లెలు ఆరబోసినట్టు ఉంది. పువ్వుల్లో ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. కానీ అక్కడక్కడా ఒక వరస మొత్తం జారి వేలాడుతోంది.

"ఇదేంటత్తా, ఈ వరస వదులైపోయింది?"

దీవెనమ్మ వేళ్ళతో తడిమి చూసి ముఖం మాడ్చుకుంది. నలభై ఏళ్ళుగా షావుకార్ల చేత ఒక్క లేసుముక్క వెనక్కి కొట్టించుకోని మనిషి. "కత్తెరట్టుకురా. ఊడదీసేత్తాను. ఇది బయట చూపించకు, పరువు పోద్ది."

"అసలెలా వదులైంది?"

"ఆ రోజు పువ్వులన్నీ ముడుచుకుపోయినట్టు అగుపించాయే. దారం మరీ లాగేశానేమో అనుకుని వదులు చేశాను. మర్నాటికి చూత్తే పువ్వులు మామూలుగానే ఉన్నాయి. మరి అల్లికంటే వేళ్ళకి తెలుసు, కళ్ళు మూసుకుని పువ్వు అల్లేత్తాను. అతుకుపని అలా కాదుగా. బిగుతెంతో కన్నే చెప్పాలి."

కత్తెర అందివ్వబోయిన హెప్సిబా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మర్నాటికి బాగైపోయిందా?"

"ఆఁ."

"ఇలా ఎన్నిసార్లైంది?"

"ఏమో, నేనేం లెక్కెట్టుకున్నానా? కత్తెర ఇలా ఇయ్యి."

"ఊడదియ్యకు! దాన్ని ముట్టుకోకు!" అని హెప్సిబా అరిచిన అరుపుకి పక్కింటి కోళ్ళు కూడా బెదిరాయి.

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆమె వరసలు లెక్కపెట్టింది. అయిదోది వదులు. పద్నాలుగోది. ఇరవై నాలుగోది. ముప్ఫై మూడోది. యాభై రెండోది. అరవై ఒకటోది. వెంటనే అచ్యుతరాజుకి ఫోన్ చేసింది.

"సార్, వైరస్ ఎప్పుడూ మెలకువగా ఉండదు. కొన్నాళ్ళు పడుకుని ఒక్కరోజు లేస్తుంది. లేచిన రోజున కంటిపొర కొద్దిగా వాచి అత్తకి వస్తువులు ముడుచుకున్నట్టు కనపడుతున్నాయి. పడుకున్న వైరస్‌ని మన కణాలు పోల్చుకోలేవు. అందుకే కంటి మీద పడుతున్నాయి. మనం వాపు లేని రోజు చూసి మరీ సూది వేస్తున్నాం సార్. సరిగ్గా దొంగ ముసుగుతన్ని పడుకున్న రోజు!"

అచ్యుతరాజు ఆవేశపడే మనిషి కాదు. ఆమె చెప్పిన వదులు వరసల అంకెలు రాసుకున్నాడు. "వరసకీ వరసకీ మధ్య ఎడం చూడమ్మా. తొమ్మిది, పది, తొమ్మిది, పందొమ్మిది, తొమ్మిది. ఇందులో క్రమం ఎక్కడుంది? పెద్దావిడ, ఒంటికన్ను, చెయ్యి జారి ఉంటుంది. దీన్ని పట్టుకుని సూది మారుస్తామా?"

 ఫోన్‌లో మాటలు వింటున్న దీవెనమ్మకి చెయ్యి జారిందన్న ముక్క కారంలా తగిలింది.

"ఆదివారాలు ఎక్కడ పోయాయంట ఆయన లెక్కలో? ఆదివారం నేను సూది ముట్టుకుంటానా? గుడికెళ్ళొచ్చి పడుకుంటాను. వరసంటే రోజనుకుంటే ఎలా?"

హెప్సిబా గోడ మీద వేలాడుతున్న చర్చి కేలండరు దించింది. ఈస్టరు మర్నాడు సోమవారం ఒకటో రోజు. పెన్సిలుతో ఆదివారాలు దాటుకుంటూ ఒక్కొక్క వరసకీ తేదీ వేసింది. వదులైన వరసలు అయిదో రోజున, పదహారో రోజున, ఇరవై ఏడో రోజున, ముప్ఫై ఎనిమిదో రోజున పడ్డాయి. పదకొండేసి రోజుల ఎడం. నలభై తొమ్మిదో రోజు ఆదివారమైంది, అందుకే ఆ రోజు వరసే లేదు. తర్వాత అరవై, డెబ్భై ఒకటి. ఇవాళ ఎనభయ్యో రోజు. మళ్ళీ వైరస్ లేచేది ఎల్లుండి, శుక్రవారం.

ఆ తేదీలన్నీ హెప్సిబా ఫోన్‌లో చదివింది, అచ్యుతరాజు తన కాగితాలు తిరగేశాడు. తర్వాత, "ముప్ఫై ఎనిమిదో రోజు బుధవారం పడింది. ప్రతి బుధవారం మీ ఊరి నర్సమ్మ గళ్ళ కాగితం చూపించి రాస్తుంది కదా. ఆ రోజు 'గీతలన్నీ తిన్నగా ఉన్నాయి' అని రాసింది. నా ముందే ఉంది కాగితం. దీనికేమంటావు?" అన్నాడు.

హెప్సిబా పెన్సిలు కింద పెట్టింది. చూపు వంకర పోయిందేమో తెలుసుకోవడానికే ఆ గళ్ళ కాగితం. వంకర ఉంటే అత్త చెప్పి ఉండాలి. "అత్తా, ఆ రోజు గళ్ళ కాగితంలో గీతలు నీకెలా కనపడ్డాయి?"

"వంకరగానే కనపడ్డాయి."

"మరి తిన్నగా ఉన్నాయన్నావేంటి?"

"గీసినోడు స్కేలు పెట్టి గీశాడు కదే! వంకర నా కంటిది గానీ గీతది కాదుగా. తిన్నగా ఉన్నదాన్ని పట్టుకుని వంకరని ఎలా అంటాను? నలభై ఏళ్ళనించి ముక్కలు పరీక్ష చేసేవాళ్ళ ముందు నించున్నదాన్ని. నా లోపం పనిమీదకి తోసెయ్యడం నాకు రాదమ్మా."

హెప్సిబాకి ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వు వచ్చింది, నవ్వు నడుమ ఏడుపు వచ్చింది. పదేళ్ళు చదివి, కోట్ల కణాలకి పాఠాలు చెప్పి, ఇంత నిజాయితీపరురాలు పరీక్షలో ఏం చెబుతుందో తను ఊహించలేకపోయింది. "గళ్ళ కాగితానికి స్కేలుంది. దారానికి లేదుగా. అందుకే ఇక్కడ నీ కన్ను దొరికిపోయింది" అంది అత్త చెయ్యి పట్టుకుని.

ఫోన్‌లో అచ్యుతరాజు దగ్గాడు. "నిలిచిన రెండు కళ్ళలో ఒకటి... సూది వేశాక చూశాను, వాపు ఉంది. పొరపాటు జరిగిందని భయపడ్డాను. కన్ను నిలిచేసరికి అదృష్టమనుకుని ఊరుకున్నాను." కొంచెం ఆగి అన్నాడు. "కానీ హెప్సిబా, వాచిన కంట్లోకి కావాలని ఇప్పటిదాకా ఎవరూ పంపలేదు. నీ లెక్క తప్పైతే కన్ను పోవడానికి మూడు గంటలు కూడా పట్టదు. కణాలు గురువారం పొద్దుటికి తయారవుతాయి, శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే చచ్చిపోతాయి. మళ్ళీ చేసుకునే వ్యవధి ఆ కంటికి లేదు. ఆవిణ్ణి అడుగు."

హెప్సిబా అడగలేకపోయింది.  దీవెనమ్మే కవరు మడతపెడుతూ మొదలెట్టింది.

"ఎడంకన్ను పోయినప్పుడు నువ్వు నాతో పది రోజులు సరిగ్గా మాటాడలేదు. పలకరిత్తే పారిపోయేదానివి. కన్ను పోయినందుకు నేనేడవలేదే. నువ్వు నా ముఖం చూడనందుకు ఏడిచాను."

"నావల్లే కదత్తా పోయింది."

"నీవల్లే. కాదని ఎవరన్నారు?" దీవెనమ్మ ఆ మాట చాలా మామూలుగా అంది. "నీ చేతుల్లోనే పోయింది. అయితే ఏంటి, ఆ చేతులు నరికేసుకుంటావా? అల్లిక తప్పితే ఊడదీసి మళ్ళీ అల్లుతాం గానీ సూది పారేత్తామా? శుక్రవారమే వేయించు. నీ లెక్క సంగతేమో గానీ, నా వరసలు అబద్ధమాడవు."

హెప్సిబా ఆమె ఒళ్ళో తల పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. అన్ని నెలల్లో ఆ సాయంత్రమే ఆమె మారు అన్నం పెట్టించుకుని తింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి భీమవరంలో దీవెనమ్మ ముందు గళ్ళ కాగితం పెట్టారు. "ఉన్నది కాదత్తా, నీకు కనపడేది చెప్పు" అంది హెప్సిబా.

"తిన్నగానే ఉన్నాయే. ఒట్టు."

పదకొండింటికీ అదే మాట. ఒంటిగంటకీ అదే మాట. పక్క గదిలో చల్లటి పెట్టెలో కణాలు గంట గంటకీ తరిగిపోతున్నాయి. వార్డులోవాళ్ళకి సంగతి పొక్కింది. తలుపు దగ్గర చేరి, మసక కళ్ళతో లోపలికి చూస్తున్నారు. రెండున్నరకి అచ్యుతరాజు హెప్సిబాని వరండాలోకి పిలిచాడు.

"నాలుగు దాటితే చాలినన్ని కణాలు మిగలవు, ఆపేద్దాం. వాపు లేకుండా వేస్తే ఏమవుతుందో మనిద్దరం చూశాం."

"పదకొండు రోజులంటే గంటలతో సహా పదకొండు కాదు కదా సార్. అత్త మధ్యాహ్నం అన్నం తిన్నాకే అతుకుపనికి కూర్చుంటుంది. పొద్దున ఎలా ఉండేదో మనకి తెలియదు." పైకి ధైర్యంగానే అంది. తన లెక్క కంటే దీవెనమ్మ నమ్మకమే ఆమెని ఎక్కువ భయపెడుతోంది.

మూడూ ఇరవైకి గదిలోంచి కేక వినపడింది. "ఒసే హెప్సీ! గీతలు నడుం వంచుతున్నాయే!"

హెప్సిబా పరుగెత్తింది. దీవెనమ్మ కాగితం మీద వేలు పెట్టి చూపిస్తోంది. "ఇదుగో, ఇక్కడ. గళ్ళన్నీ లోపలికి ముడుచుకుపోతున్నాయి. దేవుడి తోడు, వంకరే!"

కన్ను చెడుతోందన్న కబురు విని అంతమంది సంతోషించడం ఆ వార్డులో అదే మొదలు. అచ్యుతరాజు స్కాన్ తీశాడు. వాపు ఉంది. మూడూ నలభైకి సూది వేశాడు. 

కావలి కణాలకి వేసిన రంగువల్ల తెర మీద అవి ఆకుపచ్చ చుక్కలుగా కనపడతాయి. మొదటి గంట అవి కంటిపొర అంతా తిరిగాయి. ఎడమ కంట్లో కూడా ఇలాగే తిరిగాయి, తర్వాతే ఎక్కడపడితే అక్కడ అంటుకున్నాయి.  రెండో గంటలో ఒక చుక్క ఆగింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత పదీ, ఇరవై. చూపుకి నడిబొడ్డున, మచ్చ చుట్టూ, చుక్కలన్నీ ఒక్కచోట మూగాయి. మిగతా పొర మీద ఒక్కటీ వాలలేదు.

"దొరికింది," అన్నాడు అచ్యుతరాజు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన గొంతు అలా పలకడం ఎవరూ వినలేదు. "దొరికిందమ్మా దొంగ!"

ఆరూ నలభైకి ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వాటితోపాటు వైరస్ ఆనవాళ్ళూ పోయాయి. కంటిపొర చెక్కుచెదరలేదు. తలుపు దగ్గర నించున్న ఒక చేపల చెరువు రైతు ఈల వేశాడు. నర్సు కసురుకుంది గానీ ఆమె కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి.

మర్నాటి నుంచి వార్డు స్వరూపమే మారిపోయింది. నలభై ఒక్కమందికీ రోజుకి నాలుగుసార్లు గళ్ళ కాగితం. ఒకరి వైరస్ తొమ్మిది రోజులకి లేస్తే, ఇంకొకరిది పదమూడు రోజులకి. ఎవరైనా "వంకర!" అంటే చాలు, వార్డు వార్డంతా చప్పట్లు కొట్టేది. ఇంకా రానివాళ్ళు "నా వంకర ఎప్పుడొత్తదో" అని బెంగపెట్టుకునేవాళ్ళు. దీవెనమ్మ మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, "మర్యాదకి పోయి తిన్నగా ఉందనకండి, నాలాగ!" అని హెచ్చరించేది. మూడు వారాల్లో, కణాలు తయారైనవాళ్ళలో పంతొమ్మిది మందికి సూదులు పడ్డాయి. ఒక్క కన్నూ కాలలేదు.

మూడు వారాలు దాటాక దీవెనమ్మని ఇంటికి పంపించారు. ఎడమ కన్ను ఎలాగూ రాదు, కుడి కంట్లో మచ్చ మానుతూ చివరికి ఆవగింజంత అయింది. హెప్సిబా ఆమెని దింపి రావడానికి బయలుదేరి, కారు పిలుస్తానంది. "నేను బస్సులోనే వత్తాను. దారంతా చూడాలి" అని పట్టుబట్టింది దీవెనమ్మ.

బస్టాండు కిటకిటలాడుతోంది. హెప్సిబా ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో అత్త మోచెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేశాక దీవెనమ్మ మోచెయ్యి విడిపించుకుంది. ముందు నడిచింది. ఎదురొచ్చిన అరటిపళ్ళ బండిని తప్పుకుంది, నీళ్ళ గుంట దాటింది, దారికి అడ్డంగా నించున్న కుర్రాళ్ళని జరగమని కసిరింది.

వెనక నించున్న హెప్సిబాకి దుఃఖం ఉప్పెనలా పొంగుకొచ్చింది. కొన్ని నెలలుగా లోపల గడ్డకట్టినదంతా కరిగి కళ్ళల్లోకి వచ్చేసింది. బస్సు ఒకటి వచ్చి ఆగింది. ఆమెకి బోర్డు అలుక్కుపోయి కనపడింది. కొంగుతో తుడుచుకున్నా మళ్ళీ నీళ్ళే. జనంతోపాటు దాని మెట్టు మీద కాలు పెట్టింది.

"ఏయ్, దిగు దిగు! అది తణుకు బస్సే!" అవతలి చివరి నుంచి దీవెనమ్మ కేకేసింది. "మనది అదుగో, అక్కడ ఆఖర్న ఉంది. నరసాపురం అని అంతంత అక్షరాలేసి ఉంటే కనపడట్లేదేంటే నీకు?"

హెప్సిబా దిగింది. "కనపడట్లేదత్తా" అంది.

దీవెనమ్మ గబగబా వెనక్కి వచ్చి, మేనకోడలి చెయ్యి పట్టుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ బస్సు దాకా తీసుకెళ్ళింది.